పిల్లల గుండె రంధ్రాలకు చిన్న కోతతో ఆపరేషన్: ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు?

ఖమ్మం_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. అంగన్‌వాడీకి వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందంలోని డాక్టరు గారు గుండె చప్పుడులో తేడా ఉందని చెప్పి జిల్లా కేంద్రానికి పంపించారు. అక్కడ ఎకో తీసి, గుండె పై గదుల మధ్య గోడకు 17 మిల్లీమీటర్ల రంధ్రం ఉందని, కుడివైపు గదులు పెద్దవయ్యాయని రాసిచ్చారు. పాపకు తరచుగా జలుబు, దగ్గు రావడం తప్ప ఇంకే ఇబ్బందీ లేదు, రోజంతా ఆడుకుంటూనే ఉంటుంది.

హైదరాబాదులో మూడు ఆస్పత్రులకు చూపించాము. ఒకచోట తొడ దగ్గరి నరం గుండా డివైస్ పెట్టి మూసేస్తామన్నారు. రెండోచోట ఛాతీ మధ్యలో కోసి కుట్టడమే మంచిదన్నారు. మూడోచోట కుడి చంక కింద చిన్న కోతతో చేస్తామని, మచ్చ బయటికి కనిపించదని చెప్పారు. ఇంటికి వచ్చి యూట్యూబ్ తెరిస్తే అన్నీ ‘మచ్చ లేని గుండె ఆపరేషన్’ ప్రకటనలే. పెద్ద చదువులు చదివినవాడిని కాను. ఈ మూడింటిలో ఏది సరైనదో నిర్ణయించుకోవడానికి నేను ఎవరిని ఏమి అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

ఐసీయూ_సిస్టర్

అన్నయ్య గారూ, ఎకో రిపోర్టులో చివరి నాలుగైదు పంక్తులు ఇక్కడ రాయండి. పాప పేరు, ఆస్పత్రుల పేర్లు మాత్రం రాయవద్దు. రంధ్రం ఎంత పెద్దదో చెప్పారు కానీ ఎక్కడుందో చెప్పలేదు. చుట్టూ అంచులు ఉన్నాయా లేదా అన్నది కూడా కావాలి.

ఖమ్మం_నాన్న

ధన్యవాదాలు సిస్టర్. ‘ఓఎస్ ఏఎస్‌డీ, 17 మి.మీ., ఎడమ నుంచి కుడికి ప్రవాహం, కుడి కర్ణిక, కుడి జఠరిక వ్యాకోచించాయి, ఐవీసీ రిమ్ స్పష్టంగా కనిపించలేదు’ అని ఉంది. మొదటి ఆస్పత్రి వారి రిపోర్టులో ఆఖరి మాట లేదు, రెండో ఆస్పత్రి వారి దాంట్లో ఉంది.

పిల్లల_గుండె_వైద్యుడు

మీ ప్రశ్నకు జవాబు ఆ ఆఖరి మాటలోనే ఉంది కాబట్టి దాని దగ్గరే మొదలుపెడతాను. మూడు ఆస్పత్రులు మూడు విధాలుగా చెప్పినంత మాత్రాన అందులో ఇద్దరు అబద్ధమాడుతున్నారని అనుకోనవసరం లేదు. ఎవరి దగ్గర ఏ పద్ధతి రోజూ జరుగుతుందో వారికి ముందుగా అదే తోస్తుంది.

పై గదుల మధ్య గోడకు వచ్చే రంధ్రాల్లో నడిమధ్యన ఉండేదాన్ని సెకండమ్ రకం అంటాము. మీ రిపోర్టులోని ఓఎస్ ఏఎస్‌డీ అదే, ఎక్కువమంది పిల్లలకు ఉండేది కూడా అదే. కింది కవాటాలకు ఆనుకొని ఉండేది ప్రైమమ్ రకం. పై మహాసిర గుండెలో కలిసే చోట ఉండేది సైనస్ వీనోసస్ రకం. ఈ మూడో రకంలో కుడి ఊపిరితిత్తి నుంచి మంచి రక్తాన్ని తెచ్చే సిరల్లో ఒకటో రెండో దారి తప్పి కుడివైపు వచ్చి కలుస్తుంటాయి. మామూలు ఎకోలో ఇది కనిపించకుండా తప్పించుకోవడం అరుదేమీ కాదు. కాబట్టి ఏ పిల్లకైనా ‘నాలుగు పుపుస సిరలూ ఎడమ కర్ణికలోనే కలుస్తున్నాయి’ అనే వాక్యం రిపోర్టులో ఉందో లేదో వెతుక్కోవాలి. పిల్లల్లో డివైస్ పెట్టేది సెకండమ్ రకానికే. మిగిలిన రెండింటికీ ఆపరేషనే మార్గం.

సెకండమ్ రకం అయినంత మాత్రాన కూడా సరిపోదు. డివైస్ అంటే నికెల్, టైటానియం కలిసిన నిటినాల్ తీగతో అల్లిన రెండు బిళ్లలు, వాటి మధ్య ఒక నడుము. నడుము రంధ్రంలో కూర్చుంటుంది, బిళ్లలు గోడను రెండు వైపుల నుంచీ పట్టుకుంటాయి. పట్టుకోవాలంటే రంధ్రం చుట్టూ గోడ మిగిలి ఉండాలి. సాధారణంగా 5 మిల్లీమీటర్ల అంచు ఉంటే సరిపోతుందని లెక్క. బృహద్ధమని వైపు అంచు కొంచెం తక్కువైనా అనుభవం ఉన్నవారు పెట్టగలుగుతారు, కానీ అలాంటి పిల్లల్లో డివైస్ అంచు గుండె గోడను ఒరుసుకొని చిల్లు చేసే ప్రమాదం, అది చాలా అరుదే అయినా, కొంత ఎక్కువ. కింది మహాసిర వైపు అంచు, అంటే మీ రిపోర్టులోని ఐవీసీ రిమ్, లేకపోతే మాత్రం డివైస్ జారిపోయే అవకాశం ఉంటుంది. జారితే అది గుండెలోనో, ఊపిరితిత్తుల నాళంలోనో చిక్కుకుంటుంది.

ఇంకొక లెక్క కూడా ఉంది. ఎక్కువగా వాడే ఒక రకం డివైస్‌లో 20 మిల్లీమీటర్ల నడుముకు ఎడమవైపు బిళ్ల 34 మిల్లీమీటర్లు ఉంటుంది. పద్నాలుగు కిలోల పిల్ల గుండెలో ఆ గోడ మొత్తం పొడవే అంతకు కొంచెం అటూ ఇటూగా ఉండవచ్చు. రంధ్రం ఎంతుందన్నదానితో పాటు గోడ ఎంతుందన్నది కూడా కొలవాలని చెప్పడం నా ఉద్దేశం.

మీరు చేయవలసింది, పాపకు మత్తు ఇచ్చి గొంతు గుండా తీసే టీఈఈ ఎకో చేయించి, అన్ని వైపుల అంచులనూ అంకెలతో రాసివ్వమని అడగడం. అంచులన్నీ బాగుంటే డివైస్ కంటే చిన్న పద్ధతి ఇంకొకటి లేదు, చంక కింద కోత గురించి ఆలోచించనే అక్కరలేదు. ఐవీసీ అంచు నిజంగా లేకపోతే డివైస్ మాట వదిలేసి, కోత ఎక్కడ పెట్టాలన్నది మాట్లాడుకోవచ్చు. ఇప్పటికిప్పుడు ప్రాణం మీదికి వచ్చేదేమీ లేదు కాబట్టి కొన్ని వారాలు ఆగి సరిగా తేల్చుకోండి. కానీ ఈ పరిమాణంలో ఉన్న రంధ్రం తనంతట తానే మూసుకుపోతుందని ఎవరైనా చెబితే నమ్మి ఏళ్ల తరబడి వదిలేయకండి.

పాత_పుటలు

డాక్టరు గారు చెప్పిన విషయానికి చరిత్ర కొంచెం జోడిస్తాను, విసుగు అనిపిస్తే దాటిపోండి. మనిషి గుండెను తెరిచి, లోపల కంటితో చూస్తూ రంధ్రాన్ని కుట్టిన మొదటి విజయవంతమైన ఆపరేషన్ సరిగ్గా ఈ జబ్బుకే జరిగింది. 1952 సెప్టెంబరు 2న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ లూయిస్ అయిదేళ్ల పాప శరీరాన్ని చల్లబరిచి, కొద్ది నిమిషాల వ్యవధిలో పై గదుల మధ్య రంధ్రాన్ని మూశారు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తాను తయారుచేసిన గుండె ఊపిరితిత్తుల యంత్రాన్ని వాడి పద్దెనిమిదేళ్ల యువతికి చేసిందీ ఈ ఆపరేషనే. ఆ మరుసటి ఏడాది మిన్నెసోటాలోనే లిల్లెహై ఒక పసివాడికి తండ్రి రక్తప్రసరణనే యంత్రంగా వాడి కింది గదుల మధ్య రంధ్రాన్ని కుట్టారు. ఛాతీని కోయకుండా నాళం గుండా రంధ్రాన్ని మూయవచ్చని కింగ్, మిల్స్ అనే ఇద్దరు 1970ల మధ్యలో చూపించారు. ఈనాటి జాలీ డివైస్‌కు పేరిచ్చిన కర్ట్ ఆంప్లాట్జ్ కూడా మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారే. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 2001లో. ఛాతీ తెరవడం మొదలైన ఊళ్లోనే తెరవకుండా మూయడానికీ దారి దొరకడం నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపిస్తుంది.

కావలి_అమ్మ

ఖమ్మం అన్నయ్య గారూ, మా పెద్దమ్మాయికి ఆరేళ్ల వయసులో చంక కింద కోతతోనే చేశారు. తనది సైనస్ వీనోసస్ రకం కావడం వల్ల డివైస్ కుదరదని మొదటే చెప్పేశారు. ప్రకటనల్లో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను.

మచ్చ నిజంగానే కనిపించదు. చెయ్యి దించి ఉంటే చంక కింద నిలువుగా నా చూపుడువేలంత గీత, దాని కింద డ్రెయిన్ గొట్టం పెట్టిన చోట చిన్న గుండ్రటి మచ్చ. ఎముక కోయలేదు కాబట్టి పక్కకు తిరిగి పడుకోవడానికి, ఎత్తుకోవడానికి అన్ని ఆంక్షలు లేవు. అయితే నొప్పి ఉండదన్న మాట మాత్రం నిజం కాదు. పక్కటెముకల మధ్య దారి చేసుకుని వెళ్తారు కాబట్టి మొదటి రెండు మూడు రోజులు దగ్గినప్పుడల్లా ఏడ్చేది, కుడి చెయ్యి పైకెత్తనిచ్చేది కాదు. ఎనస్థీషియా డాక్టరు గారు మత్తులోనే పక్కటెముకల దగ్గర నరాలకు మందు ఇవ్వడం వల్ల మొదటి రాత్రి తేలిగ్గా గడిచింది, ఆ మందు ప్రభావం తగ్గాకే ఇబ్బంది తెలిసింది. మీరు ముందుగానే ఆ ఇంజెక్షన్ గురించి అడగండి. కుడి ఊపిరితిత్తి కొంచెం ముడుచుకుపోయిందని సబ్బు నీళ్ల బుడగలు ఊదించారు. దాన్ని తను ఆటగానే తీసుకుంది.

ఇంకొకటి. అవసరమైతే ఛాతీ మధ్యలో కోయడానికి ఒప్పుకుంటున్నామని మా చేత ముందే సంతకం చేయించుకున్నారు. ఆ కాగితం చూసి మా వారు భయపడ్డారు గాని, నాకు మాత్రం ఆ ఆస్పత్రి మీద నమ్మకం కుదిరింది ఆ కాగితం వల్లనే.

పంపు_గది

నేను బెంగళూరులో పెర్ఫ్యూజనిస్టుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ సమయంలో గుండె ఊపిరితిత్తుల యంత్రాన్ని నడిపేది మేమే. తల్లిదండ్రులు తరచుగా ‘చిన్న కోత’ అంటే ‘చిన్న ఆపరేషన్’ అని అర్థం చేసుకుంటారు కాబట్టి ఇది చెప్పక తప్పదు. డివైస్ విషయం వేరు, దానికి గుండెను ఆపే పనే లేదు. చంక కింద కోతలో గుండెను ఆపుతారు, రక్తం నా యంత్రం గుండా తిరుగుతుంది, పై గదిని కోసి గుండె పైపొర ముక్కతో రంధ్రాన్ని మూసి మళ్లీ కుడతారు. మధ్య కోతలో జరిగేది కూడా అక్షరాలా ఇదే. చర్మం మీద, ఎముక మీద గాయం తగ్గుతుంది, లోపలి పని తగ్గదు. పైగా ఇరుకు దారిలో పనిచేయడం వల్ల యంత్రం మీద ఉండే సమయం కొంచెం పెరిగే అవకాశం కూడా ఉంటుంది.

గొట్టాలు ఎక్కడ పెడతారన్నది అడగండి. పెద్దవారికి గజ్జల్లోని ధమని, సిర గుండా పెడతారు. చిన్నపిల్లలకు ఆ నాళాలు సన్నగా ఉంటాయి, గొట్టం పెడితే కాలికి రక్తం తగ్గడమో, తరువాత నాళం ఇరుకు కావడమో జరగవచ్చు. అందుకని చాలాచోట్ల పదిహేను, ఇరవై కిలోల లోపు పిల్లలకు గజ్జను ముట్టుకోకుండా, అదే చంక కోతలోంచి నేరుగా బృహద్ధమనికి గొట్టం అమర్చుతారు. మీ పాప బరువుకు ఏది చేస్తారో వారి నోటితోనే వినండి.

మరొక విషయం గాలి. గుండెను మూసేటప్పుడు లోపల గాలి బుడగ మిగిలితే అది మెదడుకు చేరవచ్చు. చిన్న కోతలో గుండెను చేత్తో కదిపి గాలి తీయడం కష్టం. కాబట్టి ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆ కుహరంలోకి కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. అది గాలికంటే బరువైనది కాబట్టి గాలిని నెట్టేస్తుంది, ఒకవేళ లోపల మిగిలినా రక్తంలో త్వరగా కరిగిపోతుంది. ఆ తరువాత టీఈఈలో చూసి బుడగలు లేవని నిర్ధారించుకుంటారు. ఇవన్నీ అలవాటుగా చేసే బృందం దగ్గర ఈ పద్ధతి సురక్షితమే. అడపాదడపా చేసే చోట నేనైతే నా బిడ్డకు మధ్య కోతనే అడుగుతాను.

అమ్మమ్మ_గారు

చదువుకున్నవారు అంతా లోపలి సంగతులే మాట్లాడుతున్నారు. ఆడపిల్ల నాయనా, రేపు సంబంధాలు చూసేటప్పుడు ఛాతీ మీద జానెడు మచ్చ ఉంటే అడగరా? మా ఇంట్లో ఒక పిల్లకు ఆ ఇబ్బంది కళ్లారా చూశాను. మచ్చ ముఖ్యం కాదని చెప్పడం తేలిక, అది మోసేవాళ్లకు తెలుస్తుంది. కనిపించని చోట కోసే వీలుంటే తండ్రి అదే వెతుక్కోవడంలో తప్పేమీ లేదు.

డల్లాస్_తెలుగమ్మాయి

అమ్మమ్మ గారికి నమస్కారం. ఆ మచ్చను మోస్తున్నదాన్ని కాబట్టి నేను మాట్లాడవచ్చనుకుంటాను. 1991లో మొదలైన పుట్టపర్తి సత్యసాయి ఆస్పత్రిలో, నా చిన్నతనంలో, ఒక్క రూపాయి తీసుకోకుండా నాకు ఆపరేషన్ చేశారు. మా నాన్నగారు చేనేత పనివారు, మరొక దారి మాకు లేదు. మెడ గుంట నుంచి కిందికి నిలువుగా గీత ఉంది. పై భాగంలో చర్మం ఉబ్బి కెలాయిడ్‌గా మారింది, వేసవిలో దురద పెడుతుంది. ఛాతీ మధ్య చర్మానికి ఆ స్వభావం ఎక్కువట, మన చర్మపు రంగు వారిలో ఇంకా ఎక్కువట. జాకెట్టు మెడ ఎంత లోతు కుట్టించాలన్నది టైలరుతో ప్రతిసారీ మాట్లాడుకోవలసిన విషయమే. నాకు పెళ్లయింది, పిల్లలున్నారు, రెండు కాన్పులకూ గుండె ఏ ఇబ్బందీ పెట్టలేదు. అయినా పదిహేనేళ్ల వయసులో ఆ గీత నన్ను బాధపెట్టలేదని అబద్ధం చెప్పను. కాబట్టి మచ్చ గురించి ఆలోచించే తండ్రిని చిన్నచూపు చూడవద్దని ఇక్కడి వైద్యులకు నా మనవి.

పిల్లల_గుండె_వైద్యుడు

చిన్నచూపు ఎవరికీ లేదమ్మా. పిల్లల ఛాతీకి పక్క దారి వెతకడం మొదలైందే ఆడపిల్లల కోసం. అందులోనూ ఒక పాఠం ఉంది. మొదట్లో చాలామంది సర్జన్లు కుడి రొమ్ము కింద మడత వచ్చే చోట, ముందువైపుగా కోసేవారు. ఎదిగిన యువతికి ఆ మడత ఎక్కడుందో కనిపిస్తుంది. నాలుగేళ్ల పిల్లకు అది ఎక్కడ వస్తుందో ఎవరూ చెప్పలేరు. అలా కోసినవారిలో కొందరికి పెద్దయ్యాక ఒకవైపు రొమ్ము సరిగా ఎదగకపోవడం, అక్కడ స్పర్శ తగ్గడం కనిపించింది. మచ్చ దాచబోయి అంతకంటే పెద్ద లోపం తెచ్చినట్టయింది. అందువల్ల చిన్నపిల్లలకు ఇప్పుడు కోతను వెనక్కి జరిపి, చంక కింద నిలువుగా, కండరాలను కోయకుండా పక్కకు తప్పించి చేస్తున్నారు. ఖమ్మం నాన్న గారు మూడో ఆస్పత్రిలో ‘కోత ముందువైపా, చంక కిందనా’ అని వేలుతో చూపించమని అడగాలి.

మధ్యేమార్గం ఒకటుంది, దాన్ని ఎవరూ ప్రకటించరు కాబట్టి మీకు తెలియకపోవచ్చు. రొమ్ము ఎముక కింది భాగాన్ని మాత్రమే కోసి, చర్మం మీద పొట్టి గీతతో చేయవచ్చు. మెడ దగ్గర ఏమీ కనిపించదు, సర్జనుకు అలవాటైన దారే, చిక్కు వస్తే క్షణాల్లో పైకి పొడిగించుకోవచ్చు.

శ్రీకాకుళం_తల్లి

ఈ చర్చ చదివాక నాకొక ఆశ కలిగింది. మా బాబుకు అయిదో నెల, బరువు నాలుగున్నర కిలోలు. కింది గదుల మధ్య పెద్ద రంధ్రం ఉందన్నారు. పాలు తాగేటప్పుడు ఆగి ఆగి తాగుతాడు, నుదురంతా చెమటలు పడతాయి. ఆపరేషన్ చేయాలన్నారు. బంధువులు ఇంకో రెండేళ్లు ఆగితే బరువు పెరుగుతాడు, అప్పుడు కోత లేకుండా చేయించవచ్చని అంటున్నారు. ఆగవచ్చా డాక్టరు గారూ?

పిల్లల_గుండె_వైద్యుడు

ఆగవద్దు తల్లీ. రంధ్రం పెద్దదైతే బాబు బరువు పెరగకపోవడానికి కారణం అదే. ఊపిరితిత్తుల్లోకి అవసరానికి మించి రక్తం పోతోంది, తాగిన పాల శక్తి ఆ శ్రమకే ఖర్చవుతోంది. అంత ఒత్తిడితో రక్తం పోతూ ఉంటే ఊపిరితిత్తుల నాళాలు క్రమంగా గట్టిపడతాయి. ఒక దశ దాటాక ఆ మార్పు వెనక్కి రాదు, అప్పుడు రంధ్రాన్ని మూస్తే మేలు కంటే కీడే ఎక్కువ. రెండేళ్ల వయసులో మొదటిసారి మా దగ్గరికి వచ్చి, ఆలస్యమైందని చెప్పవలసి వచ్చిన పిల్లలను చూశాను. పెద్ద వీఎస్‌డీని, అంటే కింది గదుల మధ్య రంధ్రాన్ని, ఏడాదిలోపే మూయాలి, బరువు పెరగని పిల్లల్లో ఇంకా ముందుగానే. ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంగా పంపే మందు, గుండె మందు ఇచ్చేది ఆపరేషన్ దాకా బిడ్డను నిలబెట్టడానికే.

ఈ వయసులో ఛాతీ మధ్య కోతే సరైన దారి. కింది గదుల రంధ్రాలకూ డివైస్ ఉంది కానీ, అది పెద్దపిల్లల్లో, అనువైన చోట ఉన్న రంధ్రాలకు. కవాటం కిందే ఉండే రంధ్రాల దగ్గర గుండె విద్యుత్ తీగల్లాంటి కణజాలం పోతుంది, డివైస్ దాన్ని నొక్కితే గుండె వేగం పడిపోయి పేస్‌మేకర్ పెట్టవలసి రావచ్చు. బృహద్ధమని కవాటానికి ఆనుకొని పైన ఉండే రకంలోనైతే కవాటపు రెక్క రంధ్రంలోకి లాగబడుతుంది, అది కుట్టవలసిందే. నీలిరంగు పిల్లలకు చేసే ఫాలో టెట్రాలజీ లాంటి మరమ్మతులు కూడా చాలావరకు మధ్య కోతతోనే జరుగుతాయి. పెద్ద కోత పెట్టే సర్జను వెనకబడినవాడని అనుకోకండి.

ఒక్క పీడీఏ, అంటే బృహద్ధమనికీ ఊపిరితిత్తుల ధమనికీ మధ్య పుట్టాక మూసుకోకుండా మిగిలిపోయిన నాళం, విషయంలో మాత్రం కథ మారిపోయింది. 1938లో బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ ఛాతీ తెరిచి ఆ నాళాన్ని ముడివేశారు. ఇప్పుడు అత్యధికులకు ఛాతీ తెరవకుండా, నాళం గుండా డివైస్ పెట్టే క్యాథ్ ల్యాబ్‌లోనే మూసేస్తున్నాము. 700 గ్రాముల బరువున్న నెలతక్కువ బిడ్డలకు సైతం సరిపోయే డివైస్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది.

గుంటూరు_కార్డు

ఖర్చు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెబుతాను. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతోంది గాని పని అదే. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితిని 2023 డిసెంబరులో పెంచారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వారు గుర్తించిన పిల్లలకు జిల్లా సత్వర చికిత్స కేంద్రం నుంచి లేఖ ఉంటుంది, దాన్ని పారేయకండి. శ్రీకాకుళం అమ్మ గారు తిరుపతిలో టీటీడీ వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయాన్ని కూడా విచారించండి. 2021 అక్టోబరులో ప్రారంభమైంది, పిల్లల గుండెకే ప్రత్యేకం.

మాకు తెలిసిన ఒక కుటుంబానికి ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ కార్డు మీద ఉచితమే గాని ‘చిన్న కోత’కు అదనంగా కట్టాలని చేరాక చెప్పారు. ఆ పేరు ఇక్కడ అనవసరం. మీరు చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, ప్యాకేజీలో డివైస్ ధర, రక్తం, టీఈఈ కలిసి ఉన్నాయా, పైన ఏమైనా కట్టాలా అన్నది కాగితం మీద రాయించుకోండి.

శ్రీకాకుళం_తల్లి

డాక్టరు గారికి, అన్నయ్య గారికి కృతజ్ఞతలు. మా వారికి ఇదంతా చదివి వినిపించాను. ఈ వారమే బయలుదేరుతున్నాము.

ఐసీయూ_సిస్టర్

బయలుదేరే ముందు బాబుకు దగ్గు, జ్వరం ఉంటే ఆస్పత్రికి ఫోన్ చేసి చెప్పండమ్మా. మందుల సీసాలు, టీకాల కార్డు చేతి సంచిలోనే ఉంచుకోండి.

ఇక ఇంటికి వచ్చాక జరిగేవాటి గురించి ఇద్దరికీ ఉపయోగపడేలా రాస్తున్నాను. ఛాతీ మధ్య కోత అయిన పిల్లలను ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు చంకల్లో చేతులు వేసి ఎత్తకూడదు. ఒక చెయ్యి మెడ, వీపు కింద, మరొకటి పిరుదుల కింద పెట్టి ఎత్తుకోవాలి. ఇంటికి చూడవచ్చే బంధువులందరికీ ఇది చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి.

ఏఎస్‌డీ మూసిన పిల్లల్లో ఒక చిక్కు ఉంది, కోత చిన్నదైనా పెద్దదైనా రావచ్చు. ఇంటికి వెళ్లి బాగా ఆడుకుంటున్న పిల్లకు ఒకటి రెండు వారాల తరువాత సన్నగా జ్వరం, వాంతులు, నీరసం, పడుకుంటే ఆయాసం మొదలవుతాయి. గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరడం దానికి కారణం. తల్లిదండ్రులు కడుపు నొప్పి అనుకొని ఊళ్లో మందు వాడుతూ కూర్చుంటే ప్రమాదం. ఆ లక్షణాలుంటే అదే రోజు ఎకో తీయించాలి.

డివైస్ పెట్టినవారికి సాధారణంగా ఆరు నెలలు ఆస్పిరిన్ ఇస్తారు. అది వాడుతుండగా ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఆస్పిరిన్‌తో కలిసి కాలేయానికి, మెదడుకు హాని జరగవచ్చు. డివైస్ అయినా, గుండె గోడకు అతుకు వేసినా, మొదటి ఆరు నెలల్లో పన్ను తీయించవలసి వస్తే ముందు యాంటీబయాటిక్ కావాలి. ఆపరేషన్‌లో రక్తం ఎక్కించి ఉంటే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలను కొన్ని నెలలు వాయిదా వేస్తారు, పిల్లల డాక్టరుకు డిశ్చార్జి కాగితం చూపించండి.

ఖమ్మం_నాన్న

అందరికీ వివరం చెప్పవలసిన బాధ్యత నాది కాబట్టి రాస్తున్నాను. టీఈఈ చేయించాము. పుపుస సిరలు నాలుగూ సరిగానే ఉన్నాయి. కింది మహాసిర వైపు అంచు లేనే లేదని తేలింది. రిపోర్టు చూశాక, డివైస్ పెడతామన్న ఆస్పత్రి డాక్టరు గారే ‘ఇది మా పద్ధతికి కుదరదు, ఆపరేషన్ చేయించండి’ అని స్వయంగా చెప్పారు.

మూడో ఆస్పత్రి సర్జను గారిని ఇక్కడ మీరు చెప్పినవన్నీ అడిగాను. కోత చంక కిందేనని పాప ఒంటి మీదే వేలితో చూపించారు. పద్నాలుగు కిలోలకు గజ్జలో గొట్టం పెట్టమని, అదే కోతలోంచి అమర్చుతామని చెప్పారు. ఏడాది పొడవునా ఈ పద్ధతిలో చేస్తూనే ఉంటామన్నారు, అవసరమైతే మధ్యలో కోయడానికి సంతకం అడిగారు. ఆరోగ్యశ్రీ మీదే జరిగింది. పాప ఇప్పుడు ఇంట్లో ఉంది. చెయ్యి పైకెత్తమంటే ఇంకా కొంచెం మొరాయిస్తోంది. మా అమ్మ గాయానికి పసుపు, కొబ్బరినూనె రాస్తానంటోంది. రాయవచ్చా సిస్టర్?

ఐసీయూ_సిస్టర్

ఇప్పుడే వద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి. చెక్కులు రాలిపోయి చర్మం పూర్తిగా కలిసేదాకా ఏమీ రాయకూడదు, సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి పొడిగుడ్డతో అద్దితే చాలు. గాయం మానాక, సర్జను గారు చూసి సరేనన్న తరువాత కొబ్బరినూనె రాసుకోవచ్చు, పసుపు మాత్రం అక్కరలేదు. చెయ్యి విషయంలో బలవంతం చేయకుండా, పాప బొమ్మలను కుడివైపు కొంచెం ఎత్తుగా ఉన్న అరలో పెట్టండి. డిశ్చార్జి కాగితంలో మొదటి ఎకో తేదీ ఎప్పుడని రాశారో చూసి, పాప ఎంత హుషారుగా ఉన్నా ఆ తేదీకి తీసుకువెళ్లండి.